వాన లేకుండా వచ్చే వరద: పోర్టు వెనక ఒక యార్డు, దాని కింద ఉన్న పాత ఉప్పుటేరు

విశాఖపట్నంలో పోర్టు వెనక, కాన్వెంట్ జంక్షన్ దాటాక పల్లంలో ఉన్న ఒక గోడౌన్ యార్డు గురించి రాస్తున్నాను. పేరు రాయనని యజమానికి మాట ఇచ్చాను కాబట్టి యార్డు అనే అంటాను. నేను చేసేది లెవెల్ సర్వే, డ్రైనేజీ డిజైన్. ఫోన్ వచ్చినప్పుడు రెండు రోజుల్లో తేలిపోయే పని అనుకున్నాను, ఏడాది పైన పట్టింది. ఆ పల్లంలో ఇంకా గ్రావెల్ పోసి స్థలాలు చదును చేస్తూనే ఉన్నారు, ఆ మట్టి కింద ముందు ఏముండేదో అడిగేవాళ్ళు తక్కువ. అందుకే పని అంతా పూసగుచ్చినట్టు రాస్తున్నాను.

ఫోన్ వచ్చింది ఆశ్వయుజంలో. "సార్, చుక్క వాన లేదు. పొద్దున్న తాళం తీసేసరికి యార్డులో చీలమండ లోతు నీళ్ళు. పన్నెండింటికల్లా వాటంతటవే పోయాయి. పోయిన పదిహేను రోజుల కింద కూడా ఇంతే" అన్నారు. అంతకుముందు రెండేళ్ళుగా ఇది జరుగుతోందట. మొదట నీళ్ళ పైపు పగిలిందని తవ్వించారు, పైపు బాగానే ఉంది. తర్వాత యార్డు వెనక కాలువ పూడిపోయిందని ఒక కాంట్రాక్టరు చెబితే జేసీబీ పెట్టి పూడిక తీయించారు. పూడిక తీశాక నీళ్ళు తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువ రావడం మొదలైంది. ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగిపోయాను, ఎందుకంటే వాన నీటికి దారి శుభ్రం చేస్తే నీళ్ళు పోవాలి గానీ రాకూడదు, వస్తున్నాయంటే అవి ఎదురు దిక్కు నుంచి వస్తున్నాయన్నమాట.

ఇంకో సంగతి. చూడటానికి వచ్చిన ఇంజనీర్లందరూ మధ్యాహ్నాలే వచ్చారు. మధ్యాహ్నం కాలువ అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. ఎవరికీ నీళ్ళు కనిపించలేదు, కాబట్టి ఎవరూ నమ్మలేదు.

నేను వెళ్ళింది పొద్దున్న ఏడున్నరకి. యార్డు వాచ్‌మన్ పెద్దాయన, మత్స్యకారుల కుటుంబం, చిన్నప్పుడు తండ్రితో పడవ మీద వెళ్ళినవాడు. ఆయన నన్ను నేరుగా వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది వాన్నీళ్ళు కాదు బాబూ, పోటు నీళ్ళు. గోడ సూడండి" అన్నాడు. ఇటుక గోడ మీద జానెడు ఎత్తున తెల్లగా ఉప్పు పొర, గోరుతో గీకితే పొడి రాలింది. ఆ గీత కింద సిమెంటు ఊడిపోయి ఇటుక గుల్లబారింది, పైన గోడ కొత్తదానిలా ఉంది. కాలువలోకి వంగి చూస్తే కాంక్రీటు పైపు లోపలి అంచుకి చిన్న చిన్న తెల్లటి గుల్లలు అంటుకుని ఉన్నాయి, సముద్రం ఒడ్డున రాళ్ళకి పట్టి కాళ్ళు కోసే గుల్లలే అవి. బురదలో ఒక చెయ్యి మాత్రమే పెద్దగా ఉండే చిన్న పీతలు, నా నీడ పడగానే బొరియల్లోకి దూరిపోయాయి. ఈ రెండూ మురుగుకాలువలో బతికేవి కావు, రోజూ ఉప్పునీరు తడిపి వెళ్ళే చోట బతికేవి. పరికరం బయటికి తీయకముందే సగం సమాధానం కళ్ళ ముందుంది.

మిగతా సగం ఆయన గదిలో గోడకి వేలాడుతున్న తెలుగు క్యాలెండర్‌లో ఉంది. నీళ్ళు వచ్చిన ప్రతి రోజునీ బొగ్గుతో చుట్టాడు. నేను తిథులతో కలిపి చూశాను. దాదాపు అన్నీ పౌర్ణమికో అమావాస్యకో ఆ రోజున, లేదా తర్వాత రెండు మూడు రోజుల్లో. చైత్రం, వైశాఖం పేజీల్లో ఒక్క గుర్తు కూడా లేదు. ఈ క్యాలెండర్‌ని ఆయన రెండేళ్ళుగా అందరికీ చూపిస్తున్నాడట, ఎవరూ పట్టించుకోలేదు. నాకు చాలా బాధ అనిపించింది.

ఇక్కడ ఈ స్థలం సంగతి చెప్పాలి, అది తెలియకపోతే మిగతా లెక్కలు అర్థం కావు.

విశాఖ ఊరు రెండు కొండల వరుసల మధ్య పల్లంలో ఉంది. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరుస. దక్షిణాన యారాడ కొండ, దాని కొస సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్. ఈ కొండల రాయి ఖొండలైట్, గోమేదికాలు పొదిగిన ఎర్రటి పాత రాయి, ఖోండుల పేరు మీదే ఆ పేరు వచ్చింది. అది నలిగి ఎర్రమట్టి అవుతుంది, మనం ఇక్కడ గ్రావెల్ అని పోసేదంతా అదే. ఈ రెండు వరుసల మధ్య నుంచి మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డ కిందికి దిగుతాయి. (ఉత్తరాంధ్ర కాని వాళ్ళ కోసం: వాగుని మేం గెడ్డ అంటాం.)

సుమారు 20 వేల ఏళ్ళ కిందట, భూమి మీద మంచు ఎక్కువగా ఉన్న కాలంలో, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. తీరం చాలా దూరంగా తూర్పున ఉండేది, గెడ్డలు లోయని లోతుగా కోసుకుంటూ అక్కడిదాకా పారేవి. మంచు కరిగి సముద్రం పైకి వచ్చి, ఆరేడు వేల ఏళ్ళ కిందట దాదాపు ఇప్పటి మట్టానికి చేరింది. అప్పుడు ఆ లోయ కింది భాగం మునిగిపోయింది. కెరటాలు, తీరం వెంబడి సాగే ఇసుక కలిసి ఆ లోయ నోటికి అడ్డంగా ఇసుక మేట వేశాయి. మేట వెనక నిలిచిన నిశ్చలమైన నీటిలో గెడ్డలు తెచ్చిన సన్నటి ఒండ్రు ఏడాదికి ఇంత చొప్పున పేరుకుంది. ఒక పక్క సన్నటి మొగ, అంటే సముద్రంలోకి తెరుచుకునే నోరు, దాని గుండా రోజుకి రెండుసార్లు పోటు (పొంగే నీరు) లోపలికి, రెండుసార్లు పాటు (తగ్గే నీరు) బయటికి. లగూన్ అనేది ఇలాగే పుడుతుంది. ఇంత చిన్నదానికి మనవాళ్ళు ఉప్పుటేరు అనే పేరు పెట్టుకున్నారు. పులికాట్‌కి శ్రీహరికోట దీవి ఎలా అడ్డుగోడో, ఒడిశాలోని చిలక సరస్సుకి దాని ఇసుక దిబ్బ ఎలాగో, ఇక్కడ పాత పట్నం ఉన్న ఇసుక గట్టు అలా. తేడా ఏమిటంటే మనకి దక్షిణాన డాల్ఫిన్ నోస్ ఉంది. ఆ కొండ దక్షిణం నుంచి వచ్చే కెరటాల దెబ్బ కాస్తుంది కాబట్టి మొగ సరిగ్గా దాని పక్కనే నిలిచింది.

మొగ తెరిచి ఉండాలంటే ఒక బేరం కుదరాలి. ఒక పక్క తీరం వెంబడి ఇసుక నడుస్తుంటుంది, మన తీరంలో ఏడాది మొత్తం మీద అది దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్ళేదే ఎక్కువ, నైరుతి కాలంలో మరీ ఎక్కువ. అది మొగని పూడ్చాలని చూస్తుంది. ఇంకో పక్క పోటుకి లోపలికి వెళ్ళి పాటుకి బయటికి వచ్చే నీటి మొత్తం, అది మొగని తోమి తెరిచి పెడుతుంది. లోపల నీళ్ళు పరుచుకునే చోటు ఎంత విశాలంగా ఉంటే మొగ అంత బలంగా ఉంటుంది. లోపల మడ అడవినో బురద మైదానాన్నో కప్పేసిన ప్రతిసారీ ఈ నీటి మొత్తం తగ్గుతుంది, మొగ నీరసపడుతుంది. చిలకలో పాత మొగ నీరసపడి చేపలు, ఉప్పదనం రెండూ తగ్గిపోతే 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు, సరస్సు మళ్ళీ తేరుకుంది. నాకు ఆ పని మీద చాలా గౌరవం.

మన మొగ మీద ఎప్పుడూ ఇసుక అడ్డే, పెద్ద ఓడ లోపలికి వచ్చే దారి లేదు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఇక్కడ 1682లో ఫ్యాక్టరీ పెట్టుకున్నా ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకు మసూలా పడవల్లో కెరటాల మీదుగా ఒడ్డుకి చేరేది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకలు సెంచూరియన్ అనే ఇంగ్లీషు నౌక మీద దాడి చేసినప్పుడు కూడా ఆ ఓడ పట్నం ఎదుట తెరిచిన సముద్రంలోనే ఉంది. అంత దగ్గరలో అంత ప్రశాంతమైన నీళ్ళు ఉండీ, లోపలికి పోయే దారి లేక ఓడలు బయటే ఉండాల్సి రావడం అప్పటి ఇంజనీర్లని చాలా కాలం ఊరించింది.

1922లో బ్రిటిష్ నావికా శాఖకి చెందిన కార్ట్‌రైట్ రీడ్ అనే కర్నల్ ఇక్కడ రేవు కట్టవచ్చని నివేదిక ఇచ్చాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ పని చేపట్టింది, వాళ్ళకి రాయపూర్ వైపు నుంచి సరుకు దించుకోవడానికి ఒక రేవు కావాలి. ఉప్పుటేటి బురదని డ్రెడ్జర్లతో తవ్వి లోపలి రేవు చేశారు, ఆ తవ్విన మట్టినే పక్కన పల్లాల్లో పోసి మెరక చేశారు. మొగకి దక్షిణాన రెండు పాత ఓడల్ని ముంచి, వాటిలో రాళ్ళు నింపి, కెరటాలకి, ఇసుకకి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవుని లాంఛనంగా ప్రారంభించాడు. 1941లో షిప్‌యార్డు, తర్వాత రిఫైనరీ, 1976లో బయటి రేవు. ఇవన్నీ మనకి తెలిసినవే. నా పనికి కావలసిన ముక్క వేరే. రేవు కట్టినప్పుడు ఉప్పుటేరు అంతా రేవు కాలేదు. తవ్విన మేరకి నార్తరన్ ఆర్మ్, వెస్టర్న్ ఆర్మ్ లాంటి లోతైన పాయలయ్యాయి. మిగతాది మడ చెట్లు, బురద, ఉప్పునీటి గుంటలుగా మిగిలి, తర్వాత దశాబ్దాల్లో కొంచెం కొంచెంగా గ్రావెల్ కింద పడిపోయింది. పైగా ఇసుక అడ్డు తీసేసి మొగని లోతుగా చేశారు కాబట్టి పోటు ఇప్పుడు పాతకాలం కంటే తేలిగ్గా లోపలికి వస్తుంది. ఊరి మురుగంతా మోసే ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ నార్తరన్ ఆర్మ్‌లోనే కలుస్తాయి. అంటే ఆ పాయలో నీటి మట్టం పెరిగితే, ఆ గెడ్డలకి కలిసే చిన్న కాలువలన్నిటిలోనూ నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. మన యార్డు కాలువ అలాంటి వాటిలో ఒకటి.

ఇక కొలతలు. అమావాస్య మర్నాడు కాలువ పోయి కలిసే చోట ఒక కర్రకి సెంటీమీటరు గీతలు గీసి నిలబెట్టాను. తెల్లవారుజామున నాలుగు నుంచి సాయంత్రం ఐదు దాకా పావుగంటకోసారి రాశాం, నేనూ నా హెల్పరూ, మధ్యలో పెద్దాయన టీ తెచ్చి తనూ కూర్చున్నాడు. పదమూడు గంటలు ఎందుకంటే ఇక్కడ ఒక పోటు నుంచి ఇంకో పోటుకి సుమారు 12 గంటల 25 నిమిషాలు. మట్టం తెల్లవారుజామున నెమ్మదిగా పెరిగి పొద్దున్నే శిఖరానికి చేరింది, తర్వాత పడిపోయింది. టైడ్ టేబుల్‌లో (పోటు పాట్ల వేళలు, మట్టాలు ముందే లెక్కవేసి ఇచ్చే పట్టిక) ఉన్న సమయం కంటే అరగంట ఆలస్యం, నీరు పాయలు దాటుకుని రావాలి కదా. కిందికి మాత్రం టేబుల్ చెప్పినంత దిగలేదు, కాలువ నోట్లో పాత కాంక్రీటు ముక్కలు పడి గడపలా అడ్డం ఉన్నాయి. ఒక ఊళ్ళో పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటు ఎప్పుడూ దాదాపు అదే వేళకి వస్తుంది. అందుకే యజమానికి నీళ్ళు ఎప్పుడూ తాళం తీసే వేళకే కనిపించాయి, మధ్యాహ్నం వచ్చిన ఇంజనీర్లకి ఎప్పుడూ కనిపించలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా రాయాలి, ఈ పని చేసే కుర్రాళ్ళు ఎవరైనా చదివితే పనికొస్తుంది. ఆ వారం టైడ్ టేబుల్‌లో పెద్ద పోటు 1.7 మీటర్లు. యార్డు పాత ప్లాన్‌లో నేల మట్టం 1.1 మీటర్లు. రెండూ పక్కపక్కన పెట్టి, అరవై సెంటీమీటర్లు మునగాలి కదా అని యజమానికి చెప్పేశాను, ఆయనకి బీపీ పెరిగింది. రాత్రి నిద్రపట్టక మళ్ళీ చూసుకుంటే అర్థమైంది. టైడ్ టేబుల్ లెక్క చార్ట్ డేటమ్ నుంచి, అంటే నావికుల కోసం చాలా తక్కువ పాటు మట్టాన్ని సున్నా అనుకుని వేసింది. ప్లాన్‌లో లెక్క సగటు సముద్ర మట్టం నుంచి. విశాఖలో ఈ రెంటికీ సుమారు 0.8 మీటరు తేడా. కాబట్టి ఆ పోటు నిజానికి సగటు సముద్ర మట్టానికి 0.9 మీటరు పైన. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

కానీ అప్పుడు ఇంకో ముడి పడింది. పోటు 0.9, నేల 1.1. అలాగైతే నీళ్ళు అసలు రాకూడదు. వస్తున్నాయి.

బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు) నుంచి ఆ ఎత్తుని లెవెల్ మెషిన్‌తో మోసుకొచ్చి యార్డంతా చదివాను. గేటు దగ్గర 1.05. మధ్యలోకి వచ్చేసరికి తగ్గుతూ, వెనక కాలువ గుంట దగ్గర 0.75. ప్లాన్ గీసినప్పటి నుంచి నేల ముప్పై అయిదు సెంటీమీటర్లు కూరుకుపోయింది! 0.9 నుంచి 0.75 తీసేస్తే పదిహేను సెంటీమీటర్లు, సరిగ్గా చీలమండ లోతు. గోడ మీద ఉప్పు గీత కూడా దానికి దగ్గరగానే ఉంది, ఇటుక నీటిని కొంచెం పైకి పీల్చుకుంటుంది కాబట్టి జానెడు తేలింది.

ఎందుకు కూరుకుపోయిందో చూడటానికి ఒక బోరు వేయించాం. పైన రెండు మీటర్ల ఎర్ర గ్రావెల్. దాని కింద నల్లటి మెత్తటి బంకమట్టి, పది మీటర్లు దాటినా అదే. మొదటి శాంపిల్ ట్యూబులోంచి బయటికి తీసినప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన. దాన్ని వైరుతో నిలువుగా కోశాను, లోపల వేలిగోరంత తెల్లటి ఆల్చిప్ప, రెండు రెక్కలూ మూసుకుని, చెక్కు చెదరకుండా. కొట్టుకొచ్చిన చిప్ప అయితే రెక్కలు విడిపోయి ఉంటాయి. ఇది అక్కడే బతికి అక్కడే చచ్చిపోయింది. ఉప్పుటేటి అడుగు ఇదే అని నా చేతిలో పెట్టినట్టు అనిపించింది, చాలాసేపు దాన్ని పారేయలేకపోయాను. ఆ మట్టిలో సగానికి పైగా నీరే. మీద గ్రావెల్ బరువు, దాని మీద సరుకు బరువు పడితే ఆ నీరు ఏళ్ళ తరబడి నెమ్మదిగా బయటికి పిండుకుపోతుంది, నేల అంత మేరకి దిగుతుంది. గేటు దగ్గర పాత ఉప్పుటేటి గట్టు అంచు కాబట్టి బంకమట్టి పలచన, తక్కువ దిగింది.

చైత్ర వైశాఖాల్లో గుర్తులు ఎందుకు లేవన్నది మిగిలింది. మన తీరంలో సముద్ర మట్టం ఏడాదంతా ఒకేలా ఉండదు. వేసవి మొదట్లో ప్రవాహం తీరం వెంబడి ఉత్తరానికి సాగుతూ ఒడ్డు దగ్గరి నీటిని సముద్రం లోపలికి లాగుతుంది, అడుగునుంచి చల్లటి, బరువైన నీరు పైకి వస్తుంది, మట్టం తగ్గుతుంది. వర్షాకాలం తర్వాత ప్రవాహం దిశ మారి దక్షిణానికి తిరుగుతుంది, నదులు తెచ్చిన తేలికైన మంచినీరు కూడా తీరం పట్టుకునే వస్తుంది, ఆశ్వయుజ కార్తీకాల్లో మట్టం ఏడాదిలోకెల్లా ఎక్కువ. అదే పౌర్ణమి చైత్రంలో వస్తే యార్డు పొడిగా ఉంటుంది, కార్తీకంలో వస్తే మునుగుతుంది. తుపాన్లు కూడా ఆ నెలల్లోనే కావడం మన దురదృష్టం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న.

యజమాని మొదట అడిగింది, యార్డంతా ఇంకో మీటరు గ్రావెల్ పోసేద్దాం, వెనకున్న నీటిగుంటని కూడా పూడ్చేద్దాం అని. రెంటికీ వద్దన్నాను. ఇంకో మీటరు బరువు పడితే ఆ బంకమట్టి ఇంకా దిగుతుంది, కొన్నేళ్ళకి మళ్ళీ ఇదే కథ, పైగా పక్కవాళ్ళ గోడలు కూడా లాగుతుంది. ఇక ఆ గుంట మన అదృష్టం కొద్దీ మిగిలిన పాత ఉప్పుటేటి ముక్క. చుట్టూ పది పన్నెండు మడ చెట్లు కూడా ఉన్నాయి. పోటు వేళ వాన పడితే ఆ నీళ్ళు నిలవడానికి ఉన్న చోటు అదొక్కటే. దీని మీద మా ఇద్దరికీ కొంచెం గట్టిగానే మాటలయ్యాయి, ఆ స్థలం ఖరీదు ఆయనకి తెలుసు, నాకు తెలియదు, ఒప్పుకుంటాను. చివరికి గుంటని వదిలేశారు.

చేసిన పని ఇది. కాలువ బయటికి కలిసే నోటి దగ్గర పైన కీలు ఉన్న ఇనప రేకు తలుపు పెట్టాం, లోపలి నీళ్ళు నెడితే తెరుచుకుంటుంది, బయటి పోటు నెడితే మూసుకుంటుంది. దీన్ని ఫ్లాప్ గేట్ అంటారు, కరెంటు అక్కర్లేదు. తలుపు మూసి ఉన్న రెండు మూడు గంటల్లో యార్డులో పడిన వాన గుంటలోకి వెళ్ళేలా వాలు మార్చాం. అక్కడి నుంచి ఒక చిన్న పంపు. వెనక గోడకి ఉప్పు తిన్న ఇటుకలు తీసేసి కాంక్రీటు. సరుకు బస్తాలు యార్డు ముందు గేటు వైపు, తక్కువ దిగే చోటికి మార్చమన్నాను.

మొదటి పౌర్ణమికే ఫ్లాప్ గేటు ఫెయిలైంది. పొద్దున్నే ఫోన్, మళ్ళీ నీళ్ళు అని. వెళ్ళి చూస్తే రేకుకీ చట్రానికీ మధ్య ఒక ప్లాస్టిక్ నీళ్ళ సీసా ఇరుక్కుని ఉంది, అంత సందులోంచి యార్డంతా నిండింది. గేటుకి పైన లోపలి పక్క ఇనప చువ్వల జాలీ పెట్టించి, పక్షానికోసారి చెత్త తీసే పని పెద్దాయనకి అప్పజెప్పాం. చతుర్దశి రోజు ఆయన గుర్తు పెట్టుకుని శుభ్రం చేస్తాడు.

ఆ తర్వాతి కార్తీకంలో పెద్ద పోటుకి నేను కావాలనే వెళ్ళి కూర్చున్నాను. గేటుకి బయట నీరు 0.9 దాటింది, లోపల కాలువలో అడుగు తడి మాత్రమే. పాత గోడ మూల దగ్గర ఒక జాయింటు నుంచి సన్నగా ఊట ఉంది, అది ఇంకా పూర్తిగా ఆగలేదు. పెద్ద వాన, పెద్ద పోటు ఒకేసారి వస్తే పంపు చాలకపోవచ్చని యజమానికి రాతపూర్వకంగా ఇచ్చాను. నేల ఇంకా దిగుతోందా అని చూడటానికి యార్డులో నాలుగు చోట్ల మేకులు దిగ్గొట్టి ఏడాదికోసారి లెవెల్ చదువుతాను, మొదటి ఏడాది వెనక మేకు దగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు దిగింది.

పెద్దాయన క్యాలెండర్ మార్చాడు. ఈసారి బొగ్గు బదులు నేనిచ్చిన ఎర్ర పెన్నుతో రాస్తున్నాడు, నీళ్ళు వచ్చిన రోజుల బదులు గేటు బయట కర్ర మీద నీరు ఎంతదాకా వచ్చిందో అంకె వేస్తున్నాడు. నెలకోసారి నాకు ఆ పేజీ ఫోటో తీసి పంపిస్తాడు.